ఎర్ర సిరా కింద ఏముంది?

పిల్లలు తప్పు రాస్తే మార్కు తీసేయడం బడికి అలవాటు. ఆ తప్పు ఎందుకొచ్చిందని అడగడం అరుదు. మనిషి ఎలా నేర్చుకుంటాడని నూరేళ్లకు పైగా వెతికినవాళ్ల దారులన్నీ చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అరుగు మీద మా అన్నయ్య కూతురి లెక్కల నోటుబుక్కు కనిపిస్తే చేతిలోకి తీసుకున్నాను. పాప మూడో తరగతి. ఒక పేజీలో పది తీసివేతలున్నాయి. నాలుగింటికి టిక్కులు, ఆరింటి మీద ఎర్ర సిరాతో ఇంటూ గుర్తులు. పేజీ అడుగున 4/10, పక్కన పొట్టి సంతకం. ఇంకేమీ లేదు.

తప్పుపోయిన మొదటి లెక్క, 52లోంచి 27. పాప రాసిన జవాబు 35.

“ఇదెలా చేశావమ్మా?” అనడిగాను.

“అది తప్పత్తా” అంటూ పుస్తకం లాక్కోబోయింది.

“తప్పని తెలుసులే. ఎలా చేశావో చెప్పు.”

తిడతానేమోనని కాసేపు నా మొహంలోకి చూసింది. తిట్టనని తేలాక చెప్పింది. “పెద్ద దాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి కదా! ఏడులోంచి రెండు తీస్తే ఐదు. ఐదులోంచి రెండు తీస్తే మూడు. ముప్ఫై ఐదు.”

మిగతా ఇంటూలు కూడా చూశాను. 43లోంచి 18 తీస్తే 35. 61లోంచి 25 తీస్తే 44. 70లోంచి 34 తీస్తే 44. ఆరు తప్పులూ ఒకే అచ్చులోంచి వచ్చాయి. టిక్కు పడిన నాలుగూ అప్పు అవసరం లేని లెక్కలు. అంటే పాపకు కూడికలూ తీసివేతలూ రావని కాదు. ఒక్క సంగతి తప్ప అన్నీ వచ్చు. ఆ సంగతేమిటో 4/10 చెప్పదు.

“పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని టీచర్ చెప్పలేదా?”

“చెప్పారు. కానీ అత్తా, అప్పు తెచ్చాక మళ్లీ ఎప్పుడివ్వాలి?”

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. అప్పు అన్న మాటకు ఇంట్లో ఒక అర్థం విని పెరిగిన పిల్ల, లెక్కలో కూడా ఆ అర్థాన్నే వెతికింది. ‘పెద్ద దాంట్లోంచి చిన్నది’ అన్న సూత్రం కూడా పాప కల్పించుకున్నది కాదు. ఒకటో తరగతిలో, ఒక్క అంకె లెక్కల కాలంలో, మనమే నేర్పాం. అప్పటికి అది చెల్లింది. రెండంకెల లెక్కలోకి వచ్చేసరికి అదే పాపను పక్కదారి పట్టించింది. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేత తప్పులను కంప్యూటర్ సాయంతో విడదీసి చూశారు. చాలా తప్పులు గుడ్డిగా చేసినవి కావనీ, ఏదో ఒక తప్పు పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల వచ్చినవనీ తేల్చారు. మా పాప చేసినది ఆ జాబితాలో బాగా తెలిసిన తప్పుల్లో ఒకటి.

బిట్లుగా మిగిలిన సిద్ధాంతాలు

అవనిగడ్డ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ కోచింగ్ తీసుకున్న ఎవరినైనా అడగండి. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ, స్కిన్నర్ ఎలుక... నిద్రలో లేపినా చెబుతారు. టీచర్ల అర్హత పరీక్ష అయిన టెట్ పేపర్‌లో 150 ప్రశ్నలుంటే వాటిలో 30 శిశు వికాసం, పెడగాజీ మీదే. యత్నదోష అభ్యసనం ఎవరిది, పియాజే చెప్పిన దశలెన్ని, సామీప్య వికాస మండలం అన్నదెవరు... అన్నీ బిట్లు.

ఆ బిట్లు నేర్చుకున్నవాళ్లను తప్పుపట్టలేం. పరీక్ష అడిగింది అదే. కానీ ఉద్యోగం వచ్చి, నలభై మంది పిల్లల ముందు నిలబడిన రోజున ఆ పేర్లు చేతికి అందవు. ఒక శాస్త్రజ్ఞుడు ఏ దశకు ఏ పేరు పెట్టాడన్నది తరగతి గదికి అంతగా అక్కర్లేదు. తప్పు చేసిన పిల్లవాణ్ని అతను ఏ కళ్లతో చూశాడన్నదే కావాలి. ఆ ఒక్క ప్రశ్నతో చదివితే ఈ సిద్ధాంతాలు ఎంత దగ్గరివో అర్థమవుతుంది.

కూతురి క్లాసులో కూర్చున్న తండ్రి

1953 నవంబరులో ఒక రోజు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బి.ఎఫ్. స్కిన్నర్ నాలుగో తరగతి చదువుతున్న తన చిన్న కూతురి బడికి వెళ్లాడు. తండ్రులు వచ్చి క్లాసు చూసే రోజది. లెక్కల క్లాసులో వెనక కూర్చున్నాడు. పిల్లలు బల్లల మీద వంగి లెక్కలు చేస్తున్నారు. కొందరు చటుక్కున ముగించి దిక్కులు చూస్తున్నారు. కొందరు మొదటి లెక్క దగ్గరే ఆగిపోయారు. ఎవరికి ఎన్ని సరిగ్గా వచ్చాయో కాగితాలు దిద్ది ఇచ్చాకే తెలుస్తుంది.

ప్రయోగశాలలో ఎలుకలతో, పావురాలతో పనిచేసి ఆయన తేల్చుకున్నది ఒకటే. చేసిన పనికి ఫలితం వెంటనే తెలియాలి, ఒక్కో చిన్న అడుగు దగ్గరా తెలియాలి. దాన్నే మన టెట్ పుస్తకాలు పునర్బలనం అంటాయి. కూతురి క్లాసులో ఆ రెండూ లేవు. కొద్దిరోజుల్లోనే ఆయన ఒక బోధన యంత్రం నమూనా తయారుచేశాడు. ప్రశ్న కనిపిస్తుంది, పిల్ల జవాబిస్తుంది, తప్పో ఒప్పో అక్కడికక్కడే తేలుతుంది. ఎవరి వేగం వారిది. ఇవాళ ఫోన్లో పిల్లలు ఆడుతూ నేర్చుకునే యాప్‌లకు ఆ యంత్రం తాత లాంటిది.

స్కిన్నర్ కంటే ముందువాడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టి గడియ తీయడం ఎలా నేర్చుకుంటాయో చూశాడు. పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, పొరపాటున గడియ తగిలి బయటపడుతుంది. మళ్లీ మళ్లీ పెడితే పనికిరాని పనులు తగ్గుతాయి, పనికొచ్చినది నిలుస్తుంది. మెప్పు నేర్పుతుంది, నొప్పి మాన్పిస్తుంది అని ఆయన మొదట్లో అనుకున్నాడు. 1930 దాటేనాటికి అందులో సగాన్ని ఆయనే దిద్దుకున్నాడు. మెప్పు పనిచేసినట్టుగా శిక్ష పనిచేయదని తన ప్రయోగాల్లోనే తేలింది. బెత్తాన్ని సమర్థించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

శిక్ష ఏం నేర్పుతుందో ఇంకో ప్రయోగం చెబుతుంది. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ఏడాది కూడా నిండని పసివాడి ముందు తెల్ల ఎలుకను ఉంచారు. వాడు భయపడలేదు. ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే ఎలుక కనబడితే చాలు, ఏడుపు. తర్వాత కుందేలును చూసినా ఏడుపే. పసివాడి మీద అలాంటి ప్రయోగం చేయడం నేటి కళ్లకు ఘోరం. కానీ అదే ప్రయోగం మన బడుల్లో ఎన్ని తరాలుగా సాగిందో ఆలోచించండి. లెక్క తప్పితే గోడకుర్చీ, ఎక్కం తప్పితే గుంజీలు. ఆ పిల్లలు నేర్చుకున్నది లెక్క కాదు, లెక్కంటే భయం. లెక్కల పీరియడ్ గంట కొట్టగానే కడుపునొప్పి అనే పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. వాడికి నిజంగానే నొప్పి వస్తుంది. పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. శాస్త్రం దశాబ్దాల ముందే చెప్పిన మాటను చట్టం చెప్పడానికి అంతకాలం పట్టింది.

ఒక్కడిని కొడితే నేర్చుకునేది వాడొక్కడే కాదు. 1961లో ఆల్బర్ట్ బండూరా స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలి బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ దాన్ని అలాగే కొట్టారు. ఎవరూ చెప్పలేదు, చూశారంతే. క్లాసులో ఒకడు తప్పు చెప్పి నవ్వులపాలైతే మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఒక పాఠం నేర్చుకుంటారు: తెలియకపోతే నోరెత్తకు.

‘గుర్రంలు’ ఎవరు నేర్పారు?

రెండున్నరేళ్ల పిల్లల మాటలు చెవిపెట్టి వినండి. ‘గుర్రంలు’ అంటారు, ‘చెట్టులు’ అంటారు. ఇంట్లో ఎవరూ అలా అనరు. కాబట్టి ఆ మాట అనుకరణ కాదు. అన్నందుకు ఎవరూ మిఠాయి పెట్టలేదు, కాబట్టి పునర్బలనమూ కాదు. ‘కుక్క’కు ‘కుక్కలు’, ‘పిల్లి’కి ‘పిల్లులు’ విని, ‘లు’ చేరిస్తే చాలా అవుతాయని ఆ పసిబుర్ర ఒక వ్యాకరణ సూత్రం కట్టుకుంది. ‘గుర్రంలు’ అన్నది తప్పే, కానీ ఆలోచించిన తప్పు. భాషను కేవలం అలవాటుగా వివరించిన స్కిన్నర్ పుస్తకాన్ని 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఖండించినప్పుడు ఆయన వాదానికి బలం పిల్లల్లోని ఈ శక్తే. విననిదాన్ని కూడా పిల్లలు సృష్టించగలరు.

లెక్కించడం నేర్చుకుంటున్న పిల్లలు ‘ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది’ అంటారు. మనం నవ్వేస్తాం. ఆ ‘ఇరవై పది’లో ఎంత తెలివుందో చూడండి. తొమ్మిది తర్వాత పది వస్తుందని తెలుసు. ఇరవై పక్కన ఒకట్లు వరసగా వస్తాయని తెలుసు. తెలియనిది ఒక్కటే. పది ఒకట్లు కలిస్తే కొత్త పది పుడుతుంది. 52లోంచి 27 తీయలేకపోయిన మా పాపకు అందనిది కూడా అదే. రెండు తప్పులదీ ఒకే వేరు.

ఈ వేరు కోసం జీవితమంతా తవ్వినవాడు జీన్ పియాజే. 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. 1920 ప్రాంతంలో పారిస్‌లో, తెలివితేటల పరీక్షలకు ఆద్యుడైన బినే వదిలివెళ్లిన ప్రయోగశాలలో ఆయనకొక పని అప్పగించారు. పిల్లలకు ప్రశ్నలిచ్చి సరైన జవాబులు లెక్కపెట్టాలి. పియాజే కళ్లు మాత్రం తప్పు జవాబుల మీద నిలిచాయి. ఒకే ఈడు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారు. ఎందుకలా అన్నావని అడగడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద అభ్యసన సిద్ధాంతాల్లో ఒకటి అలా ఒక ‘ఎందుకు’తో మొదలైంది.

ఆయన ప్రయోగాలు ఇంట్లో ఎవరైనా చేసి చూడొచ్చు. రెండు ఒకేరకం గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. ఒకదాన్ని సన్నటి పొడవాటి గ్లాసులోకి ఒంపండి. ఏది ఎక్కువ అంటే నాలుగైదేళ్ల పిల్లలు పొడవు గ్లాసునే చూపిస్తారు. ఏడెనిమిదేళ్లకు ‘అవే నీళ్లు కదా’ అంటారు. మధ్యలో ఎవరూ పాఠం చెప్పరు. చేతులతో పోసి, ఒంపి, ఆడి, తమ పాత ఊహ లోకంతో కుదరక, దాన్ని వాళ్లే సరిచేసుకుంటారు. తెలివి బయటినుంచి పోసేది కాదు, పిల్లలు లోపల కట్టుకునేది అన్నది పియాజే మాట. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ‘జ్ఞాన నిర్మాణం’ అన్నప్పుడు దాని వెనక ఉన్నది ఈ ఆలోచనే.

పియాజేను కూడా తర్వాతివాళ్లు దిద్దారు. రెండు వరసల్లో సమానంగా గోలీలు పేర్చి, ఒక వరసను ఎడంగా జరిపితే చిన్నపిల్లలు ‘ఇందులో ఎక్కువ’ అంటారని ఆయన చూపాడు. 1970ల్లో ఎడిన్‌బరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ బృందం చిన్న మార్పు చేసింది. వరసను పెద్దలు జరపలేదు, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టింది. ఈసారి చాలా ఎక్కువమంది పిల్లలు సమానమేనని సరిగ్గా చెప్పారు. పెద్దాయన జరిపి మళ్లీ అదే ప్రశ్న అడిగితే, తన మొదటి జవాబు తప్పేమోనని పిల్ల అనుకుంటుంది. అంటే తప్పు జవాబు కొన్నిసార్లు పిల్లలది కాదు, మన ప్రశ్నది.

తోడుంటే అందే దూరం

పియాజే పుట్టిన 1896లోనే రష్యా సామ్రాజ్యంలో లెవ్ వైగాట్‌స్కీ పుట్టాడు. క్షయతో 37 ఏళ్లకే, 1934లో కన్నుమూశాడు. ఆ తర్వాత సోవియట్ ప్రభుత్వం ఆయన రచనలను చాలాకాలం తొక్కిపెట్టింది. ఆయన చెప్పిన ఉదాహరణ ఒకటి ప్రతి టీచర్ గది గోడ మీదా ఉండదగ్గది. ఇద్దరు పిల్లలు. ఒంటరిగా పరీక్ష పెడితే ఇద్దరిదీ ఎనిమిదేళ్ల స్థాయే. కాస్త సాయం చేస్తే ఒకరు తొమ్మిదేళ్ల స్థాయి లెక్కలు చేశారు, మరొకరు పన్నెండేళ్ల స్థాయివి చేసేశారు. ఇద్దరికీ ఒకే మార్కు వేసిన పరీక్ష ఈ తేడాను చూడలేదు. ఒంటరిగా చేయగలిగినదానికీ తోడుంటే చేయగలిగినదానికీ మధ్య ఉన్న ఆ జాగానే సామీప్య వికాస మండలం. పాఠం పడాల్సింది అక్కడ. అంతకన్నా కిందైతే విసుగు, పైనైతే బెదురు.

ఆ సాయం ఎలాంటిదో 1976లో జెరోమ్ బ్రూనర్, ఆయన సహచరులు ఒక పోలికతో చెప్పారు. గోడ కట్టేటప్పుడు మేస్త్రి నిలబడడానికి కర్రలతో మంచె కడతారు. గోడ లేచేకొద్దీ దాన్ని విప్పేస్తారు. మంచె లేకపోతే గోడ లేవదు. విప్పకపోతే ఇల్లు పూర్తికాదు. జవాబు తానే చెప్పేసే టీచరు, అసలు సాయమే చేయని టీచరు ఇద్దరూ ఈ రెండింట్లో ఒకటి మరిచినవాళ్లే.

వైగాట్‌స్కీ దృష్టిలో ఆలోచనకు పనిముట్టు భాష. అది పిల్లలు ఇంటినుంచి తెచ్చుకునేది. ‘నాయన వచ్చిండు’ అని రాసిన పిల్లవాడి వాక్యాన్ని కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దితే, వాడికి వినపడేది వ్యాకరణం కాదు, మీ ఇంటి మాట తప్పు అన్న తీర్పు. ఈ సంగతిని వైగాట్‌స్కీ పేరు మనకు తెలియకముందే గ్రహించినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాసి, బడులు పెట్టించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైనప్పుడు నడిచింది ఆ దారినే. ఇంటి భాషను మెట్టుగా వాడుకుని బడి భాషకు ఎక్కించవచ్చు. మెట్టును పగలగొట్టి ఎక్కమంటే పిల్లలు కిందే ఉండిపోతారు.

పలక గొప్పతనం

అయితే బట్టీ అంతా చెడ్డదేనా? ఎక్కాలు వల్లెవేయించిన పాత పంతుళ్లు పొరపాటు పడ్డారా? జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధన ఇక్కడ మనల్ని నిదానించమంటుంది.

మనసులో ఒక క్షణాన నిలుపుకోగల ముక్కలు ఏడుకు అటూఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ అన్నాడు. నాలుగైదు మించవని తర్వాతి పరిశోధకులు దాన్నీ తగ్గించారు. భాగహారం చేస్తున్న పాప ‘ఏడెనిమిదులెంత’ దగ్గర ఆగి వేళ్లు లెక్కపెడితే, మనసనే ఆ చిన్న బల్ల నిండిపోతుంది. తను ఏ మెట్టులో ఉందో మర్చిపోతుంది. ఎక్కం నోటికి వస్తే ఆ బల్ల ఖాళీ అవుతుంది, ఆలోచనకు చోటు దొరుకుతుంది. కొత్త విషయాన్ని పిల్లలే కనుక్కోవాలని వదిలేయడం కంటే, మొదట చేసి చూపించడం మేలని జాన్ స్వెల్లర్ వంటివారు చెప్పడానికి కారణమూ ఇదే. అర్థం ముందు, అభ్యాసం వెనక. రెండూ కావాలి. అర్థం లేని బట్టీ నిలవదు, అభ్యాసం లేని అర్థం చేతికి రాదు.

నిలబెట్టుకోవడమెలా? 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, తానే మర్చిపోతూ, ఆ మరుపును కొలిచాడు. నేర్చిన తొలి గంటల్లోనే చాలా భాగం జారిపోతుందని చూపాడు. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు ఇంకో మెట్టెక్కారు. విద్యార్థుల్లో కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత తారుమారైంది. గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. మన పాత బడిలో పాఠం ‘అప్పజెప్పడం’ అనేవారే, అదే ఇది. అందులోని దెబ్బల భయాన్ని తీసేసి ఆ పద్ధతిని ఉంచుకుంటే చాలు.

దీనికి కోట్ల రూపాయల పరికరాలక్కర్లేదు. పలక చాలు. టీచరు ప్రశ్న అడుగుతారు. అందరూ పలక మీద రాసి, ఒకేసారి పైకెత్తుతారు. నలభై మంది మనసుల్లో ఏముందో ఒక్క చూపులో కనబడుతుంది. పదిహేను పలకల మీద ఒకే తప్పు కనిపిస్తే, తిరిగి చెప్పాల్సింది ఆ పదిహేను మందికే కాదు, ఆ పాఠమే వేరేలా చెప్పాలి. పలక మీద తప్పు చెరిగిపోతుంది కాబట్టి పిల్లలకూ భయం తక్కువ. చెయ్యెత్తిన నలుగురితో నడిచే క్లాసులో మిగిలినవాళ్లు ఎప్పటికీ కనబడరు.

కొబ్బరికాయల లెక్క

1980ల్లో బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో తెరెజిన్యా నూనెస్ బృందం వీధుల్లో అమ్ముకునే పిల్లల దగ్గరికి మామూలు కొనుగోలుదార్లలా వెళ్లింది. కాయ 35, పది కాయలెంత? పన్నెండేళ్ల కుర్రాడు సున్నా చేర్చలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడైతే 315, మరొకటి చేరితే 350 అన్నాడు. బజార్లో ఆ పిల్లల లెక్కలు 98 శాతం సరైనవే. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే సరిగ్గా వచ్చాయి.

మన దేశం సంగతీ అంతే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బేరంలో చిటికెలో లెక్క తేల్చే పిల్లలు బడి లెక్క దగ్గర తడబడ్డారు. బడిలో లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఇటువైపు తెలివి అటువైపు దానంతటదే దాటదు. వంతెన వేసేవాళ్లు కావాలి. టీచరు అన్న మాటకు అంతకన్నా మంచి అర్థం నాకు తెలియదు.

మన నేల మీద వేసిన వంతెనలు

ఇవన్నీ విదేశీ ప్రయోగశాలల కబుర్లు, మన బడుల్లో కుదరవని అంటుంటారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడులు ఆ మాటకు జవాబిచ్చాయి. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడదీసి, గోడ మీద అభ్యసన నిచ్చెన పెట్టారు. తానెక్కడున్నదీ పిల్లే చూసుకుని, తర్వాతి కార్డు తీసుకుంటుంది. కోతల కాలంలో పది రోజులు బడి మానినా, వదిలిన మెట్టు దగ్గరినుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. పక్కన కూర్చున్న పెద్ద పిల్ల సాయం చేస్తుంది. స్కిన్నర్ కోరిన సొంత వేగం, పియాజే కోరిన చేతిపని, వైగాట్‌స్కీ కోరిన తోడు ఒకే గదిలో కలిశాయి. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఇక్కడిదే.

అంతకుముందే 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఒక తరం టీచర్లకు ఆరు సూత్రాలు నేర్పింది. కృత్యాలు చేయించడం, చేస్తూ కనుక్కోనివ్వడం, జట్టుగా పని చేయించడం, ఒక్కొక్కరి తేడాను గుర్తించడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద పెట్టడం. ఆ శిక్షణ తీసుకున్న పాత మాస్టార్లు చీపురుపుల్లల కట్టలు, చింతగింజలు, సీసా మూతలు బీరువాలో దాచుకునేవారు. వయసును బట్టి కాక వచ్చినదాన్ని బట్టి పిల్లలను జట్లు చేసి చదివించే ‘ప్రథమ్’ సంస్థ పద్ధతి ఇవాళ దేశం దాటి ఆఫ్రికాకు వెళ్లింది. మూడో తరగతికల్లా చదవడం, లెక్కించడం వచ్చి తీరాలని 2020 జాతీయ విద్యావిధానం, 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టుకున్నాయి.

దారి తెలియక మనం ఆగిపోలేదు. సిలబస్ పూర్తిచేయాలి, యూనిట్ పరీక్ష పెట్టాలి, వివరాలు యాప్‌లో ఎక్కించాలి. ఈ హడావుడిలో ‘ఎలా చేశావు’ అని అడిగే రెండు నిమిషాలు టీచరుకు మిగలడం లేదు. బడి పుస్తకాల బరువు గురించి యశ్‌పాల్ కమిటీ 1993లోనే హెచ్చరించింది. అర్థంకాకపోవడమే అసలు భారమని చెప్పింది. ఆ రెండు నిమిషాలను టీచరుకు తిరిగివ్వడం ప్రభుత్వాల పని, యాజమాన్యాల పని. ర్యాంకు తప్ప మరేదీ అడగని మన తల్లిదండ్రుల పని కూడా.

నమ్మకాల్లో నిజమెంత?

కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ఎవరి శైలి ప్రకారం వారికి చెప్పాలి అన్నది శిక్షణల్లో తరచూ వినబడే మాట. 2008లో హెరాల్డ్ పాష్‌లర్ బృందం దీనిపై వచ్చిన అధ్యయనాలను జల్లెడపట్టింది. శైలికి తగ్గట్టు చెబితే చదువు పెరుగుతుందనడానికి తగిన ఆధారం దొరకలేదు. పిల్లల్ని ‘చూసేవాళ్లు’, ‘వినేవాళ్లు’ అని విడదీయనక్కర్లేదు. మంచి పాఠంలో అందరికీ చూడడం, వినడం, చేయడం మూడూ ఉంటాయి.

రేపటి క్లాసులో

* తప్పు జవాబు వినగానే ‘కూర్చో’ అనకండి. ‘ఎలా అనుకున్నావు?’ అని అడగండి. సరైన జవాబుకూ అదే అడగండి. అప్పుడు ఆ ప్రశ్న అంటే తప్పని అర్థం రాదు.
* ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాత అంకె. బ్రూనర్ చెప్పిన ఈ వరసలో దేన్నీ దాటేయకండి.
* కొత్త పాఠానికి ముందు మూడు నిమిషాలు నిన్నటిదీ, పోయిన వారానిదీ పలక మీద గుర్తుచేయించండి. మార్కులు వద్దు.
* దిద్దేటప్పుడు మార్కుకు బదులు ఒక వాక్యం రాయండి. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ చేసిన ప్రయోగంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు ముందుకెళ్లారు. మార్కు పక్కన వ్యాఖ్య రాసినా ఆ మేలు దక్కలేదు.
* ఇంట్లో ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అని అడిగే ముందు ‘ఇవాళ ఏది తికమక పెట్టింది?’ అని అడగండి.

అప్పు కాదత్తా!

ఆ సాయంత్రం పాపను మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టాను. పర్సులోంచి ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు తీసి దాని చేతికిచ్చాను. “ఇది 52. నేను దుకాణందారును. నాకు 27 ఇవ్వు.”

రెండు పది నోట్లు గబగబా ఇచ్చేసింది. ఏడు రూపాయల దగ్గర ఆగింది. రెండే బిళ్లలున్నాయి. వాటిని చూసింది, నోట్లను చూసింది. నేను మాట్లాడలేదు. కాసేపటికి ఒక పది నోటు చాపి, “దీనికి చిల్లరివ్వత్తా” అంది. పది బిళ్లలిచ్చాను. పన్నెండు లెక్కపెట్టుకుని, ఏడు నా చేతిలో పెట్టింది. దాని దగ్గర రెండు నోట్లు, ఐదు బిళ్లలు మిగిలాయి.

మళ్లీ మొదటినుంచి చేయించాను. ఈసారి డబ్బుతో చేసిన ఒక్కో పనినీ పక్కన కాగితం మీద అంకెల్లో రాయించాను. నోటు మార్చినప్పుడు 5 కొట్టేసి 4 రాసింది. 2 పక్కన ఒకటి చేర్చి 12 చేసింది. అక్కడ పెన్సిల్ ఆగింది. తలెత్తింది.

“ఇది అప్పు కాదత్తా! చిల్లర మార్చడం. మన డబ్బే. తిరిగివ్వక్కర్లేదు.”

పొద్దున నేను చెప్పలేకపోయిన జవాబు తనకు తానే చెప్పుకుంది. తర్వాత నోటుబుక్కు దగ్గరికి లాక్కుని, నన్నడగకుండానే 43లోంచి 18 మళ్లీ మొదలుపెట్టింది. ఎర్ర ఇంటూ గుర్తు అలాగే ఉంది. దాని కింద, కాస్త చోటు చూసుకుని, పెన్సిల్‌తో 25 అని రాసింది.